జంధ్యం, సిలువ, నడుమ ఇళయరాజా: ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ చూడబోయే తెలుగువాళ్లకు

‘మాటే మంత్రము’ నోటికొచ్చిన తెలుగువాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ పాట పుట్టిన తమిళ సినిమాను చూసినవాళ్లు మాత్రం తక్కువ. 1981లో భారతీరాజా తమిళంలో ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ తీసి, అదే ఏడాది అదే కథను తెలుగులో ‘సీతాకోక చిలుక’గా తీశారు. ఇది డబ్బింగ్ కాదు, తెలుగులో మళ్లీ తీసిన సినిమా. తమిళ పేరుకు అర్థం ‘అలలు ఆగవు’ అని. ఊరు ఒప్పుకోని ప్రేమ మీద దక్షిణాదిలో వచ్చిన సినిమాల్లో దీన్ని మొదటి వరసలో పెట్టవచ్చు. అలాగని లోపాలు లేవని కాదు. రెండు పెద్ద లోపాలున్నాయి, వాటి సంగతి కింద వస్తుంది.

కథ చిన్నది. విచ్చు బ్రాహ్మణ కుర్రాడు. తల్లి ఊళ్లో పిల్లలకు సంగీతం చెబుతుంది. ఆ పాత్ర కమలా కామేశ్‌ది. మేరీ డబ్బున్న క్రైస్తవ కుటుంబంలో పిల్ల. అన్న డేవిడ్ మాటకు ఊళ్లో ఎదురు ఉండదు. వదిన ఎలిజబెత్. మేరీ సంగీతం నేర్చుకోవడానికి విచ్చు ఇంటికి వస్తుంది. మొదట అల్లరి, ఆటపట్టించడం, తర్వాత ప్రేమ, ఆ తర్వాత అన్న, ఊరు. చివర్లో అబ్బాయి జంధ్యం తెంపుతాడు, అమ్మాయి మెడలో సిలువ తీసేస్తుంది, ఇద్దరూ ఊరు వదిలి వెళ్లిపోతారు. ముగింపు ముందే చెప్పేశారని బాధపడక్కర్లేదు. నలభై ఏళ్లకు పైగా అందరికీ తెలిసిన ముగింపే ఇది. పైగా అది తెలిసి చూస్తేనే ముందున్న పాటలు, మాటలు ఎటు నడుస్తున్నాయో అర్థమవుతుంది.

కథలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఆ సంగీతం క్లాసు. పల్లెలో ఎవరు ఎవరింటికి వెళ్లవచ్చు, వెళ్లినా వీధి అరుగు దాకానా, నట్టింటి దాకానా, వంటింటి దాకానా అన్నది ఎవరూ రాసిపెట్టరు. అయినా అందరికీ తెలుసు. క్రైస్తవుల పిల్ల బ్రాహ్మణుల ఇంట్లోకి రోజూ వెళ్తే ఊరు ఊరుకోదు. పాఠం కోసం వెళ్తే మాత్రం ఊరుకుంటుంది, ఎందుకంటే గురువు దగ్గరికి వెళ్లడం పరువైన పని. గురువు ఆడమనిషి, అందులోనూ తల్లి వయసున్న మనిషి కావడంతో అనుమానానికీ తావు లేదు. ప్రేమకథల్లో ‘వీళ్లు రోజూ ఎలా కలుసుకుంటారు?’ అన్న చిక్కును చాలా సినిమాలు కాలేజీతోనో బస్సుతోనో సరిపెట్టేస్తాయి. ఇక్కడ ఆ చిక్కును తీర్చేదే కథను నడిపిస్తుంది కూడా. ఆ ఇంటి గడప దాటించింది పాటే, చివరికి గొడవ తెచ్చిందీ పాటే. కథా రచన మణివణ్ణన్‌ది. తర్వాత దర్శకుడిగా, నటుడిగా తెలుగువాళ్లకూ తెలిసిన మణివణ్ణనే. 1980లో భారతీరాజా తీసిన ‘నిళల్‌గళ్’కూ ఆయనే రాశారు. అది ఆడలేదు. ఆ దెబ్బ తర్వాత వచ్చిన సినిమా ఇది. పట్నం వదిలి మళ్లీ పల్లెకు వచ్చేసరికి దర్శకుడి చేతికి పట్టు తిరిగి వచ్చినట్టు తెలిసిపోతుంది.

షూటింగ్ కన్యాకుమారి జిల్లా ముట్టం తీరంలో జరిగింది. రాళ్ల గుట్టలు, లైట్‌హౌస్, కింద ఎర్రమట్టి, ఎదురుగా సముద్రం. ఛాయాగ్రాహకుడు బి.కణ్ణన్ ఆ రాళ్లనూ కెరటాలనూ వెనకాల తెరలా వాడలేదు, మనుషుల మధ్యలోకి తెచ్చారు. పిల్లలిద్దరూ కలుసుకునే చోటల్లా అలల చప్పుడు ఉంటుంది. నాణ్యత లేని ప్రింట్‌లో అది ఉత్త హోరులా వినిపించి చిరాకు పెట్టవచ్చు. కాస్త మంచి ప్రింట్‌లో, హెడ్‌ఫోన్స్‌తో చూస్తే ఆ చప్పుడు ఎక్కడ తగ్గిస్తున్నారో, ఎక్కడ పెంచుతున్నారో తెలుస్తుంది.

ఇక పాటలు. ‘పాటల వల్ల బతికిన సినిమా’ అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. అది సగం నిజం. ఈ సినిమాకు పాటలే స్క్రీన్‌ప్లే. మాటల్లో చెబితే ఊరు వినేసే సంగతులన్నీ ఇళయరాజా పాటల్లో జరిగిపోతాయి. నిర్మాత ఆర్.డి.భాస్కర్ ఇళయరాజాకు సొంత అన్న. సంస్థ పేరు పావలర్ క్రియేషన్స్. అంటే ఇది ఒక రకంగా సంగీత దర్శకుడి ఇంటి సినిమా. పాటకు దొరికిన చోటు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

రెండు భాషల పాటలూ పక్కపక్కన పెట్టుకుని వింటే చాలా సంగతులు బయటపడతాయి. కుర్రాళ్లు మేరీని ఆటపట్టించే పాట తమిళంలో ‘వాడి ఎన్ కప్పక్కిళంగే’. కప్పక్కిళంగు అంటే మన కర్రపెండలం. కేరళ సరిహద్దులోని కన్యాకుమారి ప్రాంతంలో చేపల కూరతో ఇంటింటా తినే దుంప అది. అమ్మాయిని దుంపా అని పిలవడం అక్కడి కుర్రాళ్ల నోట సహజంగా వచ్చే వేళాకోళం. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఆ చురుకు పోతుంది. అందుకే వేటూరి దుంపను పక్కన పెట్టి ‘పాడింది పాడింది పట్నాల కాకి’ అన్నారు. ఎగతాళి అలాగే ఉంది, అది అనే పద్ధతి మాత్రం మన ఊరిది. అనువాదం చేసేవాళ్లు నేర్చుకోవలసిన పని ఇది: వస్తువు పోయినా ఫరవాలేదు, ఎవరు ఎవర్ని ఏ గొంతుతో అంటున్నారన్నది పోకూడదు. తెలుగు వెర్షన్‌లో ఈ పిల్లల గుంపులోనే చిన్నారి ఆలీ కనిపిస్తాడు. ఆ బుడతడి కోసమే సినిమా మళ్లీ మళ్లీ చూసినవాళ్లున్నారు.

‘ఆయిరం తామరై మొట్టుక్కళే’ అంటే వేయి తామర మొగ్గల్ని పిలవడం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, ఎస్.జానకి పాడారు. తెలుగులో అది ‘మిన్నేటి సూరీడు వచ్చేనమ్మా’ అయింది. బాలుతో వాణీ జయరాం పాడారు. వేటూరి తామరల్ని వదల్లేదు, సూర్యుడి చేత కోనేటి తామర్లు తెప్పించారు. తమిళంలో మొగ్గలే ముందు. తెలుగులో ముందు పొద్దు పొడుస్తుంది, పూలు దాని వెనక వస్తాయి. ‘విళియిల్ విళుందు’ తమిళంలో వైరముత్తు రాసింది. ఆ బాణీకి తెలుగులో ‘అలలు కలలు ఎగసి ఎగసి’ వచ్చింది. ఒక్కసారి పైకి అనుకుని చూడండి. అలలు, కలలు, ఎగసి, ఎగసి, అలసి, సొలసి: మూడేసి లఘువులు వరసగా. ఒక్క దీర్ఘం లేదు, ఒక్క ఒత్తు లేదు. నాలుక ఆగడానికి చోటు ఉండదు, కెరటం మీద కెరటం వచ్చినట్టే. తమిళ సినిమా పేరులోని అలలు తెలుగు పేరులోకి రాలేదు గానీ, ఈ పాటలోకి వచ్చి కూర్చున్నాయి.

అన్నిటికీ పైన ‘కాదల్ ఓవియం’, అంటే మన ‘మాటే మంత్రము’. తెలుగులో బాలు, ఎస్పీ శైలజ పాడారు. తమిళంలో ఇళయరాజా, జెన్సీ. పాట ‘ఓం శతమానం భవతి’ అన్న వేదాశీర్వచనంతో మొదలవుతుంది. పెళ్లిలో, వ్రతాల్లో పురోహితుడు చదువుతుంటే పెద్దలు తల మీద అక్షింతలు వేసేటప్పటి మంత్రం అది; నూరేళ్లు బతకమని దీవెన. ఈ కథలో ఈ జంట మీద అక్షింతలు వేసే పెద్ద ఒక్కరూ లేరు. ఊళ్లో ఎవరూ ఇవ్వని దీవెన పాట మొదట్లోనే ఇచ్చేస్తారు ఇళయరాజా. బృందం గొంతులో గంభీరంగా వచ్చిన ఆ మంత్రం ఆగి, మెత్తగా పల్లవి అందుకునే క్షణం ఈ సినిమా మొత్తానికీ గుండెకాయ. వినేవాళ్లకు పెళ్లి అక్కడే అయిపోయింది. ఆ తర్వాత ఊరు ఏం చేసినా, జరిగిన పెళ్లిని చెరపడానికి చేస్తున్నట్టే అనిపిస్తుంది.

రెండు రికార్డింగ్‌ల్లో ఏది మేలంటే తేల్చడం కష్టం. సాహిత్యం తెలుగులో గొప్పది. మంత్రంతో మొదలైన పాటకు పల్లవిలో ‘మంత్రము’ అన్న మాట తగలడం వేటూరికే సాధ్యం. గొంతు సంగతికి వస్తే జెన్సీది మరిచిపోలేని గొంతు. మెరుగులు దిద్దని, కాస్త బెరుకున్న గొంతు; అప్పుడే పాడటం నేర్చుకుంటున్న అమ్మాయి పాడుతున్నట్టే ఉంటుంది. మేరీ సంగీతం నేర్చుకునే పిల్ల కదా, అందుకే అంతగా అతికింది. శైలజ గొంతు శిక్షణ పూర్తయిన గొంతు, నిండుగా ఉంటుంది. ముందు తెలుగు వినండి, తర్వాత తమిళం.

ఇప్పుడు లోపాలు. ఆ మంత్రం ఒక మతానిది. అదే పాటలో చర్చి వైపు నుంచి దానికి సరితూగే స్వరమేదీ లేదు. మేరీ విచ్చు ఇంటికి వస్తుంది, విచ్చు వాళ్ల సంగీతం నేర్చుకుంటుంది, దీవెన కూడా విచ్చు వాళ్ల భాషలోనే దొరుకుతుంది. ముగింపు దగ్గర మాత్రం జంధ్యం, సిలువ రెండూ సమానంగా పోవాలంటుంది సినిమా. అప్పటిదాకా నడిచింది ఒకవైపే కాబట్టి ఆ సమానత్వం కాస్త హడావిడిగా తెచ్చిపెట్టినట్టు ఉంటుంది. రెండు గుర్తుల బరువు కూడా ఒకటి కాదు. తమిళనాట జంధ్యం తెంపడానికి ఒక రాజకీయ చరిత్ర ఉంది. పెరియార్ ఉద్యమం దశాబ్దాల పాటు దాన్ని బ్రాహ్మణ ఆధిక్యానికి గుర్తుగా చూపించింది. అక్కడి ప్రేక్షకుడికి ఆ షాట్‌లో ప్రేమతో పాటు ఆ చరిత్ర అంతా తగులుతుంది. తెలుగు ప్రేక్షకుడికి అది ఒక కుర్రాడు ఇల్లూ కులాచారమూ వదిలేయడంగా తోస్తుంది. సిలువకు అలాంటి రాజకీయ నేపథ్యం లేదు, అది ఆ అమ్మాయి సొంత నమ్మకం. అందుకే ఒకే షాట్ రెండు భాషల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. తమిళంలో పోరాటంలా, తెలుగులో త్యాగంలా.

రెండో లోపం ఇంకా పెద్దది. పల్లెలో ప్రేమకు నిజంగా అడ్డు నిలిచేది ఎక్కువగా కులం. ఈ కథ ఆ మాట ఎత్తకుండా మతాన్ని పట్టుకుంది. మతానికి గుర్తులుంటాయి, తెంపవచ్చు, తీసి పారేయవచ్చు. కులానికి అలా తెంపడానికి ఒంటి మీద ఏమీ ఉండదు. ఊరు వదిలినా వెంటే వస్తుంది. ఒక్క తెంపుతో ముగిసే క్లైమాక్స్ కావాలి కాబట్టే ఈ ఇద్దర్నీ ఎంచుకున్నట్టు ఉంది. ఆ లోటు దర్శకుడికీ తెలిసినట్టే ఉంది. 1987లో ‘వేదం పుదిదు’లో ఆయనే కులాన్ని నేరుగా పట్టుకున్నారు. ఇది చూశాక అది చూడటం మంచి వరస.

అయితే మతం అన్నది ఆ తీరంలో తేలిక విషయమేమీ కాదు. సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 1982 మార్చిలో, అదే కన్యాకుమారి తీరంలోని మండైక్కాడులో హిందువులకూ క్రైస్తవులకూ మధ్య గొడవలు చెలరేగి పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ రాళ్ల మీద పరుగెత్తే ఇద్దరు పిల్లల్ని చూసినప్పుడు గుండె బరువెక్కుతుంది.

నటులు. కార్తీక్‌కు ఇదే మొదటి సినిమా. నటుడు ముత్తురామన్ కొడుకు. తెలుగు వెర్షన్‌లోనూ హీరో అతనే, పేరు మాత్రం మురళి. టైటిల్స్‌లో ఆ పేరు చూసి వేరే మనిషి అనుకోవద్దు. అతనిలో ఒక చోట కుదురుగా నిలబడలేని కుర్రతనం ఉంది. అది నటనా, అనుభవలేమా అని అడగక్కర్లేదు, ఈ పాత్రకు అదే కావాలి. మేరీగా రాధ, తనకూ ఇదే మొదటి సినిమా. తర్వాత తెలుగులో పెద్ద హీరోయిన్ అయిన రాధే. ముఖంలో తెగువ ఉంది. ఎదిరించే అమ్మాయిలా కనిపిస్తుంది. తెలుగులో ఆ పాత్ర కరుణ, వేసింది ముచ్చర్ల అరుణ. అరుణలో మెతకదనం ఎక్కువ. అందువల్ల తెలుగులో ‘ఈ పిల్ల ఏమైపోతుందో’ అన్న భయం కలుగుతుంది. తమిళంలో ‘ఈ పిల్ల ఊరుకోదు’ అన్న ధైర్యం వస్తుంది. కథ ఒకటే, ఒక్క నటి మారితే ఇంత తేడా.

డేవిడ్ పాత్రలో తమిళంలో త్యాగరాజన్, తెలుగులో శరత్‌బాబు. త్యాగరాజన్ చూపుతోనే భయపెడతారు, ఆ పాత్రలో పులి ఉంది. శరత్‌బాబు మర్యాదస్తుడిలా కనిపిస్తూ కర్కశంగా ఉంటారు. పల్లెల్లో ఎక్కువగా కనిపించే రకం ఇదే: నలుగురిలో పెద్దమనిషి, ఇంట్లో గడపకు కాపలా. ఆయనకు దీనికి నంది అవార్డు వచ్చింది, న్యాయంగానే. ఈ ఒక్క పాత్రలో తెలుగుదే పైచేయి.

ఎలిజబెత్‌గా రెండిట్లోనూ సిల్క్ స్మితే. ఏలూరు ప్రాంతం నుంచి వెళ్లిన ఆమెకు తెలుగు, తమిళ పరిశ్రమలు రెండూ అప్పటికీ ఆ తర్వాతా డాన్సు పాటలే ఎక్కువ ఇచ్చాయి. ఇక్కడ ఆమెది ఆడపడుచు బాధ అర్థం చేసుకునే వదిన. ఆ కళ్లు ఎంత చెప్పగలవో ఈ సినిమాలో తెలుస్తుంది. ఇలాంటి పాత్రలు ఆమెకు ఇంకో పది వచ్చి ఉంటే బాగుండేది.

తెలుగు వెర్షన్‌కు నిర్మాత ఏడిద నాగేశ్వరరావు, మాటలు జంధ్యాల. ఆ ఏడాదికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దీనికే దక్కింది. తమిళంలో విచ్చు ఇంటి మాట తీరు, డేవిడ్ ఇంటి మాట తీరు వినగానే వేరని తెలుస్తుంది, ఎందుకంటే బ్రాహ్మణ తమిళం చెవికి అంత తేడాగా ఉంటుంది. సబ్‌టైటిల్స్‌లో అది పోతుంది. భాష రాకపోయినా క్రియల చివర్లు వినండి, ఎవరింట్లో ఉన్నామో పట్టుకోవచ్చు. 1983లో భారతీరాజాయే హిందీలో ‘లవర్స్’గా మళ్లీ తీశారు. ఈ రెండూ చూసినవాళ్లకు దాంతో పని లేదు.

ముగింపు గురించి ఒక్క సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే కుర్రాళ్లు ఆ చివరి నడక చూసి అంతటితో అయిపోయిందనుకుంటారు. 1981లో ఆ ఇద్దరూ ఊరు దాటాక చట్టప్రకారం పెళ్లి చేసుకోవాలంటే దారి ఏమిటి? తమిళనాడులో 1967 నాటి చట్ట సవరణతో పురోహితుడు లేకుండా దండలు మార్చుకునే ఆత్మగౌరవ పెళ్లికి చట్టబద్ధత వచ్చింది, కానీ అది ఇద్దరూ హిందువులైతేనే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. సిలువ తీసేయడం మతం వదులుకోవడమే అనుకుంటే ఆ తలుపు వాళ్లే మూసుకున్నట్టు. మిగిలింది 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. దానికి అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. తెర మీద ఈ ఇద్దర్నీ చూస్తే మొదటి మెట్టు దగ్గరే అనుమానం వస్తుంది. వయసు సరిపోయినా, నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు, ఇంకో 30 రోజులు ఆగాలి. ఆలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. సొంత ఊరు వేరే జిల్లాలో ఉంటే నోటీసు నకలు అక్కడి అధికారికీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అంటే ఊరు వదిలి పారిపోయిన జంట అడ్రసు ఊరి జిల్లాకే తిరిగి వెళ్తుందన్నమాట. డేవిడ్ లాంటి అన్న వాళ్లను వెతకనక్కర్లేదు, ఆ బోర్డు చూస్తే చాలు. ఆ రెండు నెలలు ఎక్కడ తల దాచుకుంటారు, ఏం తింటారు, ఎవరు తోడు నిలుస్తారు అన్నది సినిమా అడగదు. ఈ కథకు రెండో సగం అక్కడుంది, దాన్ని తీసి ఉండాల్సింది.

చూసే వరస విషయానికి వస్తే, తెలుగువాళ్లు ముందు ‘సీతాకోక చిలుక’ చూసి, వారం గడిచాక తమిళం చూడటం మేలు. అప్పటికి కథ తెలిసి ఉంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ మీద కన్ను అతుక్కుపోదు, రాధను, ముట్టం తీరాన్ని తీరిగ్గా చూడవచ్చు. పాటల్లో ఒక జాగ్రత్త. ‘పుత్తం పుదు కాలై’ ఈ ఆల్బమ్‌లోదే, ఎస్.జానకి పాడిన గొప్ప పాట, కానీ సినిమాలో లేదు. ప్రింట్‌లో కోత పడిందేమోనని వెతుక్కోవద్దు. అది విడిగా వినండి, పొద్దున పూట.